గేరు వేయగానే వెనుక నుంచి ‘ఠంగు’మనే చప్పుడు: హౌసింగ్ విప్పించే ముందు చూడవలసినవి

మీరు రాసిన వివరాలు ముందుగా ఒకచోట పెడతాను. ఏడు సీట్ల డీజిల్ బండి, వెనుక చక్రాలు లాగే రకం, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి గేరులో క్లచ్ వదలగానే వెనుక నుంచి ఒక్కసారి ‘ఠంగు’మంటోంది. రివర్సులో ఇంకా గట్టిగా వస్తోంది. నడుస్తుండగా యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ నొక్కినా అదే చప్పుడు. మీ మెకానిక్ ఒక చుట్టు నడిపి చూసి, క్రౌన్ పినియన్ (షాఫ్టు తిరుగుడును వెనుక చక్రాల వైపు మళ్లించే పళ్ల జత) పోయిందని, డిఫరెన్షియల్ (ఆ బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే భాగం) మొత్తం మార్చాలని, అరవై వేలు దాటుతుందని చెప్పారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మీ బండి మూడు రోజులు నీటిలో నిలబడిందని చివర్లో ఒక్క ముక్క రాశారు. మీరు రాసిన వాటన్నిటిలో నాకు ఎక్కువ పనికొచ్చిన మాట అదే.

హౌసింగ్, అంటే క్రౌన్ పినియన్, డిఫరెన్షియల్ ఉండే వెనుక ఇనుప పెట్టె, ఇప్పుడే విప్పించకండి. నా మొదటి అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టుకు (గేరు బాక్సు నుంచి వెనుక హౌసింగ్ దాకా బలాన్ని తీసుకెళ్లే గొట్టం) ఉన్న జాయింట్ క్రాసుల మీద, రెండోది ఆ షాఫ్టు ముందుకూ వెనక్కూ జారే పళ్ల భాగం మీద. క్రౌన్ పినియన్ మూడో స్థానంలో ఉంది. అది బాగానే ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ మొదటి రెండింటినీ చూడటానికి ఒక్క పూట చాలు, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. అవి చూడకుండా మూడోదాని మీద అరవై వేలు పెట్టడం న్యాయం కాదు.

వరద సంగతి ఎందుకు పట్టుకున్నానంటే, జాయింట్ క్రాసు కూడిక గుర్తు ఆకారంలో ఉండే ఉక్కు ముక్క. దాని నాలుగు కొనలకూ నాలుగు టోపీలు, ఒక్కో టోపీలో సూదుల్లాంటి సన్నని రోలర్ల వరుస ఉంటుంది. ఆ సూదుల మధ్య ఉండే గ్రీజు చాలా తక్కువ, దానికి కాపలా ఒక చిన్న రబ్బరు సీలు. ఎనిమిదేళ్లు నడిచిన సీలు మూడు రోజుల బురదనీటిని ఆపలేదు. నీరు దిగిపోయాక అందరూ ఇంజిన్ ఆయిల్, గేరు బాక్సు ఆయిల్ మార్పించారు, బ్రేకులు శుభ్రం చేయించారు, సీట్లు ఎండబెట్టారు. బండి స్టార్టయి కదలగానే గండం గడిచిందనుకున్నారు. ఆ సంవత్సరం నా దగ్గరికి వచ్చిన వరద బళ్లలో ఎక్కువ వాటికి క్రాసుల్లో గ్రీజు కొట్టనే లేదు, వెనుక హౌసింగ్ ఆయిల్ తీసి చూడనే లేదు. నీరు చేరిన క్రాసు ఆ రోజే చప్పుడు చేయదు. సూదులు తుప్పుపట్టి, ఉక్కు కొనల మీద సన్నని గాట్లు పడి, ఆ గాట్లు లోతై మోగడానికి నెలలు పడుతుంది. మొదట్లో మెల్లగా వెళ్తున్నప్పుడు పిచ్చుక అరిచినట్లు ‘కిచకిచ’ వినిపిస్తుంది, కొంతకాలానికి అదే ఆగిపోతుంది. తగ్గిపోయిందని అప్పుడు సంతోషిస్తాం. నిజానికి అరిగే దశ దాటి వదులయ్యే దశ అక్కడే మొదలవుతుంది. మీ బండిలో ఆ కిచకిచ ఎప్పుడైనా విన్నారేమో గుర్తు తెచ్చుకోండి.

ఇక మీ మెకానిక్‌కు వెనుక నుంచే ఎందుకు వినిపించింది? ప్రొపెల్లర్ షాఫ్టు బోలు ఉక్కు గొట్టం. రైలు పట్టాకు చెవి ఆనిస్తే ఎక్కడో దూరాన ఉన్న బండి చప్పుడు పక్కనే ఉన్నట్లు వినిపించినట్లే, గేరు బాక్సు దగ్గర పుట్టిన దెబ్బ ఆ గొట్టం వెంట వచ్చి హౌసింగ్‌లో మోగుతుంది. హౌసింగ్ ఖాళీ బిందెలాంటిది, పైన సీట్ల కింద రేకు నేల ఉంటుంది. అందువల్ల ముందు జాయింటులో వదులున్నా వెనుక సీటులో కూర్చున్నవారికి తమ కిందే కొట్టినట్లు అనిపిస్తుంది. ఈ విషయం నేను నష్టం చేసి నేర్చుకున్నాను. 2001లో, సొంతంగా పని మొదలుపెట్టిన కొత్తలో, కూరగాయలు తోలుకునే ఒక పెద్దాయన జీపు తెచ్చారు. ఇదే చప్పుడు. చెవిని నమ్మి హౌసింగ్ విప్పాను, క్రౌన్ పినియన్ జత కొనిపించాను. అంతా బిగించి బయటికి తీస్తే చప్పుడు అలాగే ఉంది. తప్పంతా గేరు బాక్సు పక్కన ఉన్న ముందు క్రాసుది. కూలి తిరిగిచ్చేశాను, కానీ సామాను డబ్బు ఆయనకు తిరిగి రాలేదు. అప్పటి నుంచి చేతితో పట్టుకుని కదిపి చూడకుండా ఏ హౌసింగ్ మీదా పానా పెట్టలేదు.

చప్పుడు ఎలా పుడుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే పరీక్షంతా దాని మీదే నడుస్తుంది. విజయవాడ స్టేషనులో గూడ్సు రైలు కదలడం మీరు చూసే ఉంటారు. ఇంజిన్ లాగగానే మొదటి పెట్టె, తర్వాత రెండోది, మూడోది, ఇలా కొక్కేల మధ్య ఉన్న వదులంతా వరుసగా బిగుసుకుంటూ చప్పుడు చివరిదాకా పాకుతుంది. మీ బండిలోనూ అంతే. క్లచ్ ప్లేటు పళ్లు, గేరు బాక్సు పళ్లు, ముందు క్రాసు, జారే పళ్ల భాగం, వెనుక క్రాసు, పినియన్, క్రౌన్, డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లు, యాక్సిల్ కొన పళ్లు, వీటిలో ప్రతిచోటా కొంత సందు ఉంటుంది. కొత్త బండిలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. క్రౌన్, పినియన్ పళ్ల మధ్య కంపెనీవారే మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతుల సందు కావాలని పెడతారు, లేకపోతే పళ్లు వేడెక్కి కాలిపోతాయి. కాబట్టి ఎక్కడ వదులుందని వెతికితే అన్నిచోట్లా కనిపిస్తుంది. వెతకవలసింది ఎవరి వాటా హద్దు దాటిందో. క్రాసు విషయంలో ఆ హద్దు సున్నా. బాగున్న క్రాసులో చేతికి తెలిసే వదులు ఏ మాత్రం ఉండకూడదు. క్రౌన్ దగ్గర కొంత ఉండవచ్చు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే, షాఫ్టు పట్టుకుని తిప్పి, కొంచెం కదలగానే క్రౌన్ పోయిందనే తీర్పు వచ్చేస్తుంది.

బండి కిందికి వెళ్లే ముందు రోడ్డు మీద కొన్ని సంగతులు చూడండి. పొడవైన ప్రహరీ గోడ ఉన్న నిర్మానుష్యమైన వీధి ఎంచుకుని, అద్దాలు దించి, రెండో గేరులో 15, 20 కిలోమీటర్ల వేగంతో గోడ పక్కనే నడపండి. కింది చప్పుడు గోడకు తగిలి స్పష్టంగా తిరిగి వస్తుంది. యాక్సిలరేటర్ నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి. ప్రతిసారీ ‘ఠంగు’మంటే వదులు తిరిగే భాగాల్లో ఉంది. అలా కాకుండా, బ్రేకు వేసి పూర్తిగా ఆగి మళ్లీ కదిలినప్పుడు మాత్రమే ఒక్కసారి కొట్టి, ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా రాకపోతే, జారే పళ్ల భాగం ఎండిపోయి ఉంటుంది. బ్రేకు వేస్తే బండి ముక్కు వంగి వెనుక భాగం లేస్తుంది, షాఫ్టు పొడవు కొంచెం మారాలి. గ్రీజు లేని పళ్లు అప్పుడు పట్టుకుపోయి, కదిలేటప్పుడు ఒక్కసారిగా జారి కొడతాయి. మీరు రాసిన లక్షణాలు మొదటి రకానికి దగ్గరగా ఉన్నాయి, కానీ వరదనీరు ఈ పళ్లనూ వదిలిపెట్టి ఉండదు.

చప్పుడు వరుసగా, లయగా వస్తోందా అన్నది ఇంకొక ఆనవాలు. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకుంటే, గంటకు 10 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఒకటిన్నర చుట్లకు లోపే తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు దానికి దాదాపు నాలుగింతల వేగంతో, సెకనుకు ఐదు చుట్ల పైన తిరుగుతుంది. అంటే వేళ్లతో లెక్కపెట్టగలిగే నిదానపు దెబ్బ చక్రం దగ్గరిది: వదులైన నట్లు, బ్రేకు డ్రమ్ము, టైరు. లెక్కకు అందని వేగంతో ‘టకటక’మంటే షాఫ్టుది. అదే 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకు 30 చుట్లు దాటుతుంది కనుక అది దెబ్బలా కాకుండా నేలలో వణుకులా, గుయ్యిమనే రొదలా తెలుస్తుంది. మీకు ఒక్క దెబ్బే వస్తోందన్నారు కాబట్టి చక్రాలను దాదాపుగా పక్కన పెట్టవచ్చు. అయినా చక్రాల నట్లు ఒకసారి పానాతో బిగించి చూడండి. రెండు నిమిషాల పనే, వదిలేస్తే ప్రాణం మీదికి వచ్చేదీ అదే.

ఇప్పుడు బండి కిందికి. సైలెన్సర్ గొట్టం కాలుతుంది కాబట్టి బండి చల్లారాకే వెళ్లండి. మీ బండి నేల నుంచి ఎత్తుగానే ఉంటుంది, ఈ పరీక్షకు జాకీ అవసరం లేదు. చదునైన నేల మీద నిలిపి, నాలుగు చక్రాలకూ ముందూ వెనుకా చెక్కముక్కలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిన్ ఆపి తాళం చెవి జేబులో వేసుకోండి. జాకీ ఎక్కించే పని పడితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఒక్క వెనుక చక్రాన్ని లేపి, బండి గేరులో ఉంది కదా అని ధీమాగా కిందికి వెళ్లకండి. డిఫరెన్షియల్ పనే ఒక చక్రం ఆగినా రెండోదాన్ని తిరగనివ్వడం. గాలిలో ఉన్న చక్రం తిరుగుతూ నేల మీది చక్రాన్ని దొర్లనిస్తుంది, బండి జాకీ మీద నుంచి జారిపోతుంది. రెండు వెనుక చక్రాలూ లేపితే వెనుక హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్లే, ముందు చక్రాల అడ్డుచెక్కలే ఆధారం. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి ఇనుప స్టాండ్లు ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

గేరు న్యూట్రల్‌లో ఉంచండి. వెనుక నుంచి మొదలుపెట్టండి. షాఫ్టు చివర రెండు కొమ్ముల మధ్య క్రాసు కనిపిస్తుంది. ఒక కొమ్ము షాఫ్టుది, ఇంకొకటి హౌసింగ్ ఫ్లాంజిది, అంటే షాఫ్టును బోల్టులతో బిగించే పళ్లెంలాంటి భాగానిది. ఎడమ చేతితో ఫ్లాంజ్ కొమ్మును, కుడి చేతితో షాఫ్టు కొమ్మును పట్టుకుని, తడిగుడ్డ పిండుతున్నట్లు ఎదురెదురు దిశల్లో తిప్పండి. రెండు కొమ్ములూ ఒక్కటిగా కదిలితే క్రాసు బాగున్నట్లు. ఒకటి కదిలి, రెండోది వెంట్రుకవాసి ఆలస్యంగా కదిలినా క్రాసు పోయినట్లే. ఆ ఆలస్యం కంటికి అందకపోవచ్చు, కొమ్ముల సందులో బొటనవేలు ఆనిస్తే తెలుస్తుంది. తర్వాత ఒక పొడవాటి స్క్రూడ్రైవరు ఆనించి షాఫ్టును పైకి లేపి చూడండి. టోపీలో కొన కదిలితే దొరికిపోతుంది. టార్చి వేసి టోపీల అంచులు చూడండి. పసుపులో కుంకుమ కలిపినట్లు ఎర్రటి పొడి అంటుకుని ఉంటే, లోపల సూదులు నలిగి పిండి అవుతున్నాయని అర్థం. నూనె తడితో నల్లటి మడ్డి ఉంటే భయం లేదు. ఎర్రటి పొడి ఒక్కటే నన్ను సగం ఒప్పిస్తుంది.

అవే పరీక్షలు ముందు క్రాసు దగ్గరా చేయండి. మీ షాఫ్టు రెండు ముక్కలదైతే మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు చిరిగితే కదిలేటప్పుడు షాఫ్టు ఎగిరి నేలకు కొడుతుంది, చప్పుడు మెత్తగా ‘డబ్’మని ఉంటుంది. ఆ పక్కనే ఫ్లాంజ్ బోల్టులు నాలుగూ పానాతో పట్టి చూడండి. ఒక్క బోల్టు వదులైనా ఇదే చప్పుడు వస్తుంది, ఎవరూ ముందు దాన్ని చూడరు.

క్రాసులన్నీ గట్టిగా ఉంటే అప్పుడు క్రౌన్ వంతు. హ్యాండ్ బ్రేకు అలాగే ఉంచి, హౌసింగ్ ఫ్లాంజ్ మీద సుద్దతో గీత గీసి, దానికి ఎదురుగా హౌసింగ్ మీద ఇంకొక గీత గీయండి. ఫ్లాంజిని ఒక పక్కకు ఆగేదాకా, మళ్లీ రెండో పక్కకు ఆగేదాకా తిప్పి, గీత ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. 75 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నచోట 5 డిగ్రీలంటే దాదాపు 3 మిల్లీమీటర్లు. క్రౌన్ సందు, లోపలి చిన్న పళ్ల సందు, యాక్సిల్ కొనల సందు అన్నీ కలిసి అక్కడ కనిపిస్తాయి కనుక కొన్ని మిల్లీమీటర్లు కదలడం మామూలే. కదలిక సెంటీమీటరు దాకా వెళ్తే అనుమానించాలి. ఫ్లాంజిని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. అక్కడ మాత్రం కదలిక ఏమీ ఉండకూడదు. ఉంటే పినియన్ బేరింగులు పోయినట్లు, అప్పుడు మీ మెకానిక్ మాట నిజమయ్యే అవకాశం ఉంది. అయితే క్రౌన్ పినియన్ నిజంగా పాడైన బండి సాధారణంగా రోదిస్తుంది. ఒక వేగంలో, యాక్సిలరేటర్ నొక్కినప్పుడో వదిలినప్పుడో ‘ఊఁ’ అనే రొద పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మీరు ఆ రొద గురించి ఒక్క మాట కూడా రాయలేదు.

క్రాసు దొరికినా దొరక్కపోయినా హౌసింగ్ ఆయిల్ మాత్రం ఈ వారమే తీయించండి. వరదలో మునిగిన హౌసింగ్‌కు ఇది తప్పనిసరి. హౌసింగ్ పైన గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది. నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకుని ఆ గొట్టం నుంచి, సీళ్ల పక్క నుంచి నీటిని పీల్చుకుంటుంది. విప్పేటప్పుడు ముందు పైన ఉన్న, ఆయిల్ పోసే బోల్టు విప్పమనండి, అది వచ్చాకే కింది బోల్టు. కిందిది ముందు విప్పి ఆయిల్ అంతా దించాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. దిగిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్లు. కింది బోల్టు అయస్కాంతం మీద బూడిదలాంటి మెత్తటి ముద్ద ఉండటం సహజం. వేలికి గుచ్చుకునే రేకులు, పంటి ముక్కలు కనిపిస్తే హౌసింగ్ విప్పక తప్పదు, అప్పుడు నేనే విప్పించమంటాను. కొత్త ఆయిల్ జీఎల్-5 రకం, మీ బండి పుస్తకంలో చెప్పిన చిక్కదనంలోనే పోయించండి. క్రౌన్ పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి, మామూలు గేరు ఆయిల్ పొర అక్కడ నిలబడదు.

ఇంజిన్, గేరు బాక్సు మౌంటింగ్‌లు (వాటిని బండి చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు), యాక్సిల్‌ను పట్టి ఉంచే కడ్డీల బుష్షులు (వాటి కొనల్లోని రబ్బరు గుల్లలు) కూడా ఇలాంటి చప్పుడే చేస్తాయి. బానెట్ ఎత్తి, ఇంకొకరు బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ కొద్దిగా వదులుతుంటే, మీరు పక్కన నిలబడి ఇంజిన్ ఎంత ఒరుగుతుందో చూడండి. బండి ముందు మాత్రం నిలబడకండి. బుష్షులకు గునపం ఆనించి కదిపితే చాలు. ఇది చదివేవారిలో ముందు చక్రాలు లాగే కార్లున్నవారికి ప్రొపెల్లర్ షాఫ్టే ఉండదు. వారు స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు ‘టకటక’ వస్తోందేమో, చక్రం వెనుక రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూసుకోవాలి.

క్రాసులే కారణమని తేలితే, పని చేయించేటప్పుడు మీరు దగ్గర ఉండండి. షాఫ్టు విప్పే ముందు రెండు ఫ్లాంజిల దగ్గరా, జారే పళ్ల దగ్గరా తెల్ల రంగుతో గుర్తులు పెట్టించండి. జాయింటు వంగి తిరిగేటప్పుడు దాని వేగం ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఒక చివర పుట్టిన ఆ హెచ్చుతగ్గులను రెండో చివరి జాయింటు సరిచేస్తుంది. రెండు చివరల కొమ్ములూ ఒకే వరుసలో ఉంటేనే అది జరుగుతుంది. జారే పళ్లను ఒక్క పన్ను తప్పించి బిగించినా చప్పుడు పోయి వణుకు వస్తుంది, అప్పుడు కొత్త రోగమని మళ్లీ హౌసింగ్ మీద పడతారు. క్రాసులు ఒకటి పోయినా జతగా మార్పించండి, అవి కలిసే నీటిలో మునిగాయి. టోపీలను వైసులో పెట్టి నొక్కి ఎక్కించాలి, సుత్తితో కొడితే లోపల ఒక సూది అడ్డం పడి వారానికే మళ్లీ మోగుతుంది. టోపీలు బయటికి జారకుండా పట్టే రింగులు, సర్క్లిప్పులు, నాలుగూ గాడిలో కూర్చున్నాయో లేదో మీరే చూడండి. గ్రీజు నిప్పల్ (గ్రీజు కొట్టే చిన్న మూతి) ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, నాలుగు టోపీల నుంచీ కొత్త గ్రీజు బయటికి కనిపించేదాకా కొట్టించండి. గొట్టానికి అతికించి ఉన్న చిన్న రేకు ముక్కలు బ్యాలెన్సు కోసం పెట్టినవి, తుప్పు గీకుతూ వాటిని ఊడగొట్టనివ్వకండి.

వచ్చే వారం కుటుంబాన్ని తీసుకుని శ్రీశైలం వెళ్లాలని రాశారు. ఈ పరీక్ష అయ్యేదాకా దోర్నాల ఘాటు ఎక్కకండి. వెనుక క్రాసు తెగితే షాఫ్టు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది, బండి ఆగిపోతుంది. ముందు క్రాసు తెగితే షాఫ్టు ముందు కొన కిందికి దిగి రోడ్డులో గుచ్చుకుంటుంది. ఎక్కుతున్న బండి వెనుక భాగాన్ని అది పైకి లేపగలదు, పక్కనున్న ఇంధన గొట్టాలను, బ్రేకు గొట్టాలను చీల్చగలదు. ఊరిలో పని చూసుకోవడానికి మెల్లగా తిరిగితే తిరగండి, ఘాటు మాత్రం వద్దు.

పరీక్ష చేశాక మూడు విషయాలు రాయండి: ఏ క్రాసులో ఆలస్యం తెలిసింది, సుద్దగీత ఎన్ని మిల్లీమీటర్లు జరిగింది, హౌసింగ్ ఆయిల్ ఏ రంగులో దిగింది. కుదిరితే టోపీల అంచులు ఫొటో తీసి పెట్టండి. వాటిని చూశాక హౌసింగ్ గురించి ఏమనుకుంటున్నానో రాస్తాను.